మా కొండలకి పేర్లున్నాయి, వాటితోనే పిలవండి

పేపర్లలో, న్యూస్ ఛానెళ్ళలో డెస్క్ మీద కూర్చుని హెడ్డింగులు పెట్టే అన్నలకి, అక్కలకి, టూరిజం శాఖలో బోర్డులు రాయించే అధికారులకి, చలికాలం మొదలవ్వగానే కెమెరా పట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కే ట్రావెల్ వీడియోల తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలంలో ఒక చిన్న ఊరు. ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాను, నెలకోసారైనా ఇంటికి వెళ్ళొస్తాను. మా ఊళ్ళని ఏజెన్సీ అని, ఆంధ్రా కాశ్మీర్ అని కాకుండా వాటి పేర్లతోనే పిలవండి అని ఈ లేఖ రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నా, పోయిన నవంబర్లో జరిగిన ఒక చిన్న విషయం వల్ల ఇంక ఊరుకోలేక రాస్తున్నా.

నవంబర్ వచ్చిందంటే మా వైపు ఒలిసెలు పూస్తాయి. మీరు వలిసె పూలు అని రాస్తారు, మేం ఒలిసెలు అంటాం. వాలు మీద పసుపు చీర ఆరేసినట్టు ఉంటుంది, చూడ్డానికి నిజంగానే రెండు కళ్ళు చాలవు. మా చేను రోడ్డుకి ఆనుకునే ఉంటుంది కాబట్టి కార్లు ఆగుతాయి. ఆ రోజు పొద్దున్నే నలుగురు కుర్రాళ్ళు దిగారు, మంచి పిల్లలే, మా అమ్మని అడిగే చేలోకి వెళ్ళారు, మొక్కలు తొక్కకుండా గట్టు మీద నుంచే వీడియో తీశారు. అందులో ఒకతను "ఇవి ఆవాలా ఆంటీ, పొద్దుతిరుగుడా?" అని అడిగాడు. అమ్మ "ఏటి బాబూ, ఒలిసెలు కదా, నూనె ఆడిస్తాం" అని చెప్పి, అంతటితో ఆగకుండా ఇంట్లోకి వెళ్ళి పోయినేడాది గింజలు గుప్పెడు తెచ్చి అతని అరచేతిలో పోసింది. నల్లగా సన్నగా మెరుస్తూ ఉంటాయి ఆ గింజలు. అతను కెమెరా దగ్గర పెట్టి వాటిని కూడా వీడియో తీసుకున్నాడు, అమ్మ ఆ నూనెతో ఏ కూర బావుంటాదో కూడా చెప్పింది.

వారం తర్వాత ఆ వీడియో నా ఫోన్లోకే వచ్చింది, మా ఆఫీసులో ఎవరో గ్రూపులో పెట్టారు. పైన పెద్దక్షరాలతో "ఆంధ్రా స్విట్జర్లాండ్" అని ఉంది. పన్నెండు నిమిషాల వీడియో అది. మా చేను ఉంది, మా అమ్మ వెనక నుంచి నడుస్తూ కనిపిస్తుంది, గింజలు కూడా రెండు సెకన్లు కనిపిస్తాయి, కానీ మా ఊరి పేరు లేదు, మండలం పేరు లేదు, ఒలిసెలు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. "వైజాగ్ ఏజెన్సీలో ఒక ట్రైబల్ విలేజ్, ఎల్లో ఫ్లవర్స్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి చూపిస్తే మొత్తం చూసి "మన ఊరి పేరు చెప్పలేదేటే" అంది, అంతకి మించి ఏం అనలేదు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నా. ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా మాస్టార్ని "సార్, ఏజెన్సీ అంటే ఏంటి సార్" అని అడిగా. ఎందుకంటే పేపర్లో మా గురించి ఏం రాసినా ఆ మాటే ఉండేది, ఊళ్ళోకి వచ్చే ఆఫీసర్లు అదే అనేవాళ్ళు, మా నాన్న కూడా కిందకి దిగితే "మేం ఏజెన్సీ వాళ్ళమండి" అని చెప్పుకునేవాడు. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి "ఏజెన్సీ అంటే వెనకబడిన ప్రాంతం అమ్మా" అన్నారు. నేను నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నా. పన్నెండేళ్ళ పిల్ల తన ఊరికి అర్థం ఏంటి అని అడిగితే దొరికిన జవాబు అది. మాస్టారి మీద నాకు కోపం లేదు, ఆయనకి ఎవరు చెప్పారో అదే నాకు చెప్పారు, ఆయన వల్లే నేను చదువుకున్నా. కానీ ఆ అర్థాన్ని నేను చాలా ఏళ్ళు మోశాను.

డిగ్రీలోకి వచ్చాక తెలిసింది, ఏజెన్సీ అనేది అసలు ఒక నేలకి పెట్టిన పేరే కాదని. 1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండల్లో ఈస్టిండియా కంపెనీ మీద తిరుగుబాట్లు లేచాయి, కంపెనీ వాళ్ళు జార్జ్ రస్సెల్ అనే అధికారిని స్పెషల్ కమిషనర్‌గా పంపారు, ఆయన చెప్పిన దాన్ని బట్టి 1839లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం ఈ కొండల్లో మామూలు కోర్టులు, మామూలు చట్టాలు నడవవు, జిల్లా కలెక్టరే ఇక్కడ గవర్నర్ గారి ఏజెంటు, సివిల్ తగువైనా క్రిమినల్ కేసైనా ఆయన చెప్పిందే తీర్పు. ఏజెంటు చేతి కింద ఉంది కాబట్టి ఏజెన్సీ అయింది. అంటే అది ఒక ఆఫీసు పేరు! మద్రాసులో కూర్చున్న గవర్నర్ గారికి ఇక్కడొక ప్రతినిధి ఉన్నాడు అన్నదే ఆ మాటకి అర్థం, అందులో మా కొండ లేదు, మా గెడ్డ (కొండ వాగు) లేదు, మా మనుషుల్లేరు.

ఆ తర్వాత కూడా పేర్లు మారుతూనే వచ్చాయి, అన్నీ పైనుంచి దిగినవే. 1874 చట్టంలో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు. 1919 చట్టం వచ్చేసరికి బ్యాక్‌వర్డ్ ట్రాక్ట్స్ అన్నారు, 1935 చట్టంలో పార్షియల్లీ ఎక్స్‌క్లూడెడ్ ఏరియాస్ అన్నారు. బ్యాక్‌వర్డ్ ట్రాక్ట్స్ దగ్గర ఒకసారి ఆగండి. మా మాస్టారు చెప్పిన "వెనకబడిన ప్రాంతం" అన్న మాట ఎక్కడి నుంచి నడిచొచ్చిందో అది చదివిన రోజు నాకు అర్థమైంది, చట్టంలో ఎవరో రాసిన మాట ఎనభై ఏళ్ళకి పైగా ప్రయాణం చేసి ఒక ఆశ్రమ పాఠశాలలో నా నోట్‌బుక్‌లోకి వచ్చి కూర్చుంది.

ఇంకో సంగతి. తెలంగాణలో ఉట్నూరు వైపు, ఏటూరునాగారం వైపు వెళ్ళినా జనం ఏజెన్సీ అనే అంటారు. అది నిజాం రాజ్యం, మద్రాసు గవర్నర్ గారి ఏజెంటు అక్కడ ఎప్పుడూ లేడు. అయినా ఆ పేరు అక్కడికీ పాకింది, ఎందుకంటే అప్పటికి తెలుగులో ఆ మాటకి అడవి, కొండ, గిరిజనులు, జ్వరాలు అనే అర్థం స్థిరపడిపోయింది. గోండులు, కోయలు, కొండరెడ్లు, సవరలు, జాతాపులు, బగతలు, కొండదొరలు, పోర్జాలు, గదబలు, చాలామందికి ఎవరి భాష వాళ్ళది, ఎవరి పండగ వాళ్ళది, కొందరి ఊళ్ళ మధ్య వందల కిలోమీటర్ల దూరం, అందరం ఒకే మాటలో పడిపోయాం.

మా అమ్మమ్మ ఆ మాట వాడగా నేను వినలేదు. ఆవిడకి ఊళ్ళు ఉండేవి. పుట్టు అని, గుడ అని, బయలు అని, గరువు అని, వలస అని చివర్న వచ్చే పేర్లు వరసగా చెప్పేది, ఏ ఊళ్ళో ఏ సంత, ఏ ఊరి గెడ్డలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి, ఏ ఊరి నుంచి ఎవరిని ఎవరికిచ్చారు, ఇదే ఆవిడ మ్యాప్. ఆవిడ చెల్లెల్ని పాడువా వైపు ఇచ్చారు, అది ఇప్పుడు ఒడిశా. అమ్మమ్మ ఎప్పుడూ ఒడిశా అనేది కాదు, "గెడ్డవతల" అనేది. 1936లో కొత్త రాష్ట్రం కోసం గీత గీసినప్పుడు జయపురం వైపు కొండలు అటు పోయాయి, మావి ఇటు ఉండిపోయాయి, చుట్టరికాలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి. సాలూరు వైపు కొటియా ఊళ్ళయితే ఇప్పటికీ ఏ రాష్ట్రమో తేలక, రెండు రాష్ట్రాల వాళ్ళూ వచ్చి పథకాలు ఇస్తూ, రెండు వైపులా ఓట్లు అడుగుతూ ఉన్నారు.

పేరులో ఏముంది, ఏదో ఒకటి పిలుచుకుంటాం, అంత బాధ పడాలా అని మీకు అనిపించొచ్చు. మా తమ్ముడి సంగతి చెప్తా. వాడు డిప్లొమా చేయడానికి సిటీకొచ్చినప్పుడు నేనూ వాడూ రూమ్ కోసం తిరిగాం. ఒక ఇంట్లో అన్నీ మాట్లాడుకున్నాం, అద్దె కూడా కుదిరింది, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంటాయన "ఏ ఊరమ్మా" అని అడిగాడు. పాడేరు దగ్గర అని చెప్పా. ఆయన మొహం మారింది. "ఏజెన్సీయా... ఏమనుకోకండి, ఈ మధ్య గంజాయి గొడవలు ఎక్కువ కదా, మా ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు. మా తమ్ముడు సిగరెట్ కూడా ముట్టడు. వాడు మెట్లు దిగుతూ "అక్కా, ఇక నుంచి నర్సీపట్నం అని చెప్దాం" అన్నాడు, ఆ తర్వాత మూడు ఇళ్ళలో అలాగే చెప్పాడు, రూమ్ దొరికింది. తన ఊరి పేరు దాచుకుంటే తప్ప అద్దెకి గది దొరకని పరిస్థితి పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి వచ్చింది. గంజాయి సమస్య లేదని నేను అనట్లేదు, ఉంది, బయటి నుంచి డబ్బు పెట్టేవాళ్ళు ఒకరు, దొరికిపోయి జైలుకెళ్ళేది మా పిల్లలు, ఆ బాధ మాకే ఎక్కువ తెలుసు. కానీ "ఏజెన్సీ గంజాయి" అని మీరు హెడ్డింగ్ పెట్టిన ప్రతిసారీ పదకొండు మండలాల పాడేరు డివిజన్ మొత్తం ఆ రెండు మాటల్లో ఇరుక్కుంటోంది. విజయవాడలో దొంగతనం జరిగితే "కోస్తాలో దొంగలు" అని రాస్తారా? పేటతో సహా రాస్తారు. మాకు మాత్రం పేట ఉండదు, ఊరు ఉండదు, పంచాయతీ ఉండదు.

వర్షాకాలంలో "ఏజెన్సీలో విజృంభిస్తున్న విషజ్వరాలు", చలికాలంలో "మన్యం గజగజ", పండగలొస్తే "ఏజెన్సీలో వింత ఆచారం". ఆ విషజ్వరం మలేరియానా, టైఫాయిడా, ఏ ఊరు, ఆ ఊరికి రోడ్డు ఉందా, అంబులెన్స్ ఎక్కడి దాకా వచ్చి ఆగిపోయింది, డోలీ ఎన్ని కిలోమీటర్లు మోశారు, ఇవి రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఊరి పేరు రాస్తే అక్కడికి మందులు పంపాల్సిన వాళ్ళెవరో తెలుస్తుంది. ఏజెన్సీ అని రాస్తే ఎవరూ జవాబుదారీ కారు, ఏజెన్సీ అంటే ఇంతేలే అని చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. వింత ఆచారం అన్నది ఇటుకల పండగ గురించి, మాకది వింత కాదు, సంవత్సరంలో అందరం ఇంటికి చేరే రోజులు అవి.

ఇప్పుడు టూరిజం వాళ్ళతో, ట్రావెల్ వీడియోల వాళ్ళతో కాస్త మాట్లాడాలి. అరకుని ఆంధ్రా ఊటీ అన్నారు. లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అన్నారు. మీరు ప్రేమతోనే అంటారని తెలుసు, జనం రావాలని అంటారు, జనం వస్తే మావాళ్ళు నాలుగు బొంగు చికెన్లు, రెండు కేజీల రాజ్‌మా అమ్ముకుంటారు, అదీ నిజమే. కానీ ఆ పోలికతో ఏం జరుగుతోందో చూడండి. కాశ్మీర్ అని విని వచ్చినవాడు మంచు కోసం వెతుక్కుంటాడు, మంచు కనపడకపోతే "ఏముంది ఇక్కడ" అని తిట్టుకుంటూ వెళ్తాడు. లంబసింగికి లంబసింగిగా ఉన్నది వాడికి కనపడదు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది, కొర్ర అంటే కర్ర, చలికి రాత్రి బయట ఉన్న మనిషి కర్రలా బిగుసుకుపోతాడు అని అర్థం చెప్తారు. ఇంతకన్నా మంచి పేరు ఏ టూరిజం బోర్డు పెట్టగలదు చెప్పండి, చలి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది కదా.

ఇంకో విషయం, మీరు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే ఆ రోడ్డు ఉంది కదా, తెల్లవారుజామున నాలుగింటికి బైకులు వరసగా ఎక్కే రోడ్డు. వందేళ్ళ కింద ఆ దారి పనుల్లోనే గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ కొండవాళ్ళతో వెట్టి చేయించాడు, కూలి సరిగ్గా ఇవ్వలేదు, అడిగితే కొట్టించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి వెనక ఉన్న కారణాల్లో ఆ వెట్టి ఒకటి. గాం గంటందొర, గాం మల్లుదొర ఆ దళంలో ముందున్న అన్నదమ్ములు. గంటందొర పోరాటంలోనే ప్రాణం వదిలాడు, మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చి స్వతంత్రం వచ్చాక మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్ళాడు. ఆ మలుపుల్లో నిలబడి "వెల్కం టు ఆంధ్రా కాశ్మీర్" అని చెప్పే బదులు ఈ నాలుగు మాటలు చెప్పండి, మీ వీడియోకి వచ్చే లైకులు ఏమీ తగ్గవు. చెప్తే ఆ దారి పక్కన టీ కొట్టు పెట్టుకున్న పిల్లాడు తను కాశ్మీర్ నకలులో పుట్టాను అనుకోడు.

మా కాఫీకి కూడా ఇదే. 2019లో అరకు వ్యాలీ అరాబికాకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతానిదే అని చెప్పే ముద్ర, వచ్చింది, అందరం సంతోషించాం, నేనైతే ఆఫీసులో స్వీట్లు పంచాను. అరకు అన్న పేరు మాకు గౌరవం తెచ్చింది, కాదనను. కానీ ఆ పేరు కింద అమ్ముడయ్యే కాఫీ చింతపల్లిలో, జీకే వీధి (గూడెం కొత్తవీధి)లో, జి.మాడుగులలో, పాడేరులో కూడా పండుతుంది, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, చెట్టుకి మిరియాల తీగ పాకించి. పండు కోసి బస్తా భుజాన వేసుకుని దిగే మనిషిని ఏ ఊరు అని అడిగి ఆ పేరు ప్యాకెట్ మీద ఒక మూల వేస్తే పోయేదేముంది.

ఇంతదూరం చదివినవాళ్ళు, అయితే ఏజెన్సీ అన్న మాటే తీసేయాలంటావా అని అడుగుతారు. వద్దు. ఇది నేను గట్టిగా చెప్పాల్సిన విషయం, ఎందుకంటే మా వాళ్ళే నన్ను తప్పుగా అనుకోకూడదు. బయటివాడు పెట్టిన పేరే అయినా మా నాన్నలాంటి వాళ్ళు దాన్ని పట్టుకుని పోరాడారు. రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల కోసం ఐదో షెడ్యూల్ ఉంది, ఆ షెడ్యూల్డ్ ఏరియా అన్న ముద్ర వల్లే 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దానికి సవరణ వచ్చింది, మేం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం, దాని వల్లే మా భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చట్టం అడ్డు నిలబడింది. అనంతగిరి మండలం బొర్రా వైపు ఊళ్ళల్లో మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి మైనింగ్‌కి లీజు ఇవ్వకూడదని. టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3 ని 2020లో కోర్టు కొట్టేసినప్పుడు మా ఊళ్ళల్లో బీఈడీ చేసిన పిల్లలు ఎంత ఏడ్చారో నాకు తెలుసు. రావికమతం, రోలుగుంట, వి.మాడుగుల వైపు కొండ ఊళ్ళవాళ్ళు మమ్మల్ని షెడ్యూల్‌లో కలపండి అని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు, అదే మనుషులు, అదే కొండ, ముద్ర లేదు కాబట్టి రక్షణ లేదు. కాబట్టి చట్టంలో ఆ పేరు ఉండాలి, చెక్కు చెదరకుండా ఉండాలి. చట్టంలో అది మాకు కంచె. మీరు దాన్ని తీసుకొచ్చి మా మనుషులకి విశేషణంగా తగిలిస్తున్నారు, అక్కడే నా గొడవ.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, అటు పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఆ రోజు మా నాన్న పాడేరులో కలెక్టర్ ఆఫీసు బోర్డు చూడ్డానికి పనిగట్టుకుని వెళ్ళాడు. అంతకుముందు ఏ కాగితం కావాలన్నా విశాఖ దాకా, ఘాట్ దిగి, రోజు పోగొట్టుకుని. అల్లూరి పేరంటే మాకు ప్రాణం, ఆయన పాండ్రంగిలో పుట్టినా మా కొండల కోసం ప్రాణమిచ్చాడు. మన్యం అన్నది కూడా మన పాత తెలుగు మాటే, మన్నెం అని, పలకడానికి ఇష్టంగా ఉంటుంది. అయినా అది కూడా కింద నుంచి కొండ వైపు చూసి అన్న మాటేమో అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ "మన్యం వెళ్తున్నా" అనరు, "ఊరెళ్తున్నా" అంటారు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. వార్త రాసేటప్పుడు ఊరు, పంచాయతీ, మండలం రాయండి, మీ విలేకరిని అడిగితే నిమిషంలో చెప్తాడు, అతను మావాడే. జ్వరం వార్తయినా, పంట వార్తయినా, గంజాయి వార్తయినా సరే, కానీ ఊరి పేరుతో రాయండి. టూరిజం బోర్డుల మీద ఆంధ్రా ఊటీ, ఆంధ్రా కాశ్మీర్ అన్నచోట ఆ ఊరికి అక్కడివాళ్ళు చెప్పే పేరు, దాని కథ రెండు వాక్యాలు రాయించండి, తెలుగులో రాయించండి, వీలైతే మా వైపు మాట్లాడే ఆదివాసీ ఒడియా, కువి భాషల్లో కూడా ఆ పేరు ఎలా పలుకుతారో తెలుగు లిపిలోనే రాయించండి, దానికి మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, ఇంకో పదేళ్ళు ఆగితే ఆ పేర్లు చెప్పేవాళ్ళు ఉండరు. వీడియో తీసే తమ్ముళ్ళూ, మీరు రండి, తప్పకుండా రండి. చేలోకి దిగే ముందు అడుగుతున్నారు కదా, ఆ అడిగే మాటతో పాటు ఊరి పేరు కూడా అడగండి, అది చెప్పడానికి ఎవరూ డబ్బులు తీసుకోరు. మా అమ్మ అయితే గింజలు కూడా తెచ్చి చూపిస్తుంది.

ఆ వీడియో తీసిన అబ్బాయి ఇది చదివితే, తమ్ముడూ, నీ మీద ఏ కోపమూ లేదు. ఆ పూలు ఒలిసెలు. వీడియో కింద డిస్క్రిప్షన్లో ఇంకా చోటు ఉంది, ఆ మాట, ఊరి పేరు అక్కడ పెట్టు. ఊరి పేరు కోసం ఈ లేఖ కింద కామెంట్ పెట్టు, నేను పంపిస్తా.

ఇట్లు,
హుకుంపేట మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి వచ్చి విశాఖపట్నంలో ఉంటున్న మీ సోదరి